బెంగళూరు నుంచి విమానంలో: దూరం, ప్రయాణ సమయం లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉంటూ హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లకు వెళ్లొచ్చే మనవాళ్ల కోసం, ఇక్కడినుంచి దుబాయ్, లండన్, అమెరికా విమానాలు ఎక్కేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. దూరం లెక్కగట్టే సైట్లు బోలెడున్నాయి. రెండు ఊళ్ల పేర్లు కొడితే ఒక అంకె వస్తుంది. ఆ అంకెలో ఏది కలిసింది, ఏది కలవలేదు అనేది తెలిస్తేనే దానితో ప్రయాణం ప్లాన్ చేసుకోవచ్చు. ఊరినుంచి పెద్దవాళ్లను ఒంటరిగా విమానం ఎక్కిస్తున్నప్పుడైతే ఇది మరీ ముఖ్యం.

బెంగళూరు–హైదరాబాద్ దూరం ఒక సైట్లో 456 కి.మీ., ఇంకో సైట్లో 500, మ్యాప్‌లో 570 చూపిస్తోంది. ఏది నిజం?

మూడూ నిజమే. 456 అనేది దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయం నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాకా గాల్లో గీసిన అతి దగ్గరి దారి. 500 అనేది ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు, అదీ గాల్లోనే. 570 కారు దారి. అనంతపురం, కర్నూలు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి తిరిగే మలుపులన్నీ అందులో ఉంటాయి. విమాన సమయం లెక్కకు మొదటిది తప్ప మిగతావి పనికిరావు. అందుకే సైట్లో ఊరి పేరు కాకుండా విమానాశ్రయం మూడక్షరాల కోడ్ కొట్టండి. బెంగళూరుకు బీఎల్ఆర్, హైదరాబాద్‌కు హెచ్‌వైడీ, విజయవాడకు వీజీఏ, వైజాగ్‌కు వీటీజెడ్, తిరుపతికి టీఐఆర్.

విమానాశ్రయం ఊరికి దూరంగా ఉంటే అంత తేడా వస్తుందా?

వస్తుంది. దీనికి బెంగళూరు–హైదరాబాద్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. 2008 మార్చిలో హైదరాబాద్ విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. అదే ఏడాది మే 24న బెంగళూరు విమానాలు హెచ్ఏఎల్ విమానాశ్రయం నుంచి దేవనహళ్లికి మారాయి. శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన, దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన. అంటే రెండు విమానాశ్రయాలూ ఒకదానివైపు ఒకటి జరిగాయి. హెచ్ఏఎల్ నుంచి బేగంపేటకు గాలిదారి లెక్కేస్తే దాదాపు 508 కి.మీ. ఇప్పుడది 456. ఆకాశంలో 50 కి.మీ. తగ్గింది. ఆ తగ్గింది మాత్రం మనకు మిగల్లేదు. రెండువైపులా రోడ్డు మీద అంతకంటే ఎక్కువే పెరిగింది.

కాగితం మీద నేనే లెక్కవేసుకోగలనా?

తప్పకుండా. వెయ్యి కిలోమీటర్ల లోపు అయితే పదో తరగతి లెక్కలు చాలు. విమానాశ్రయాల అక్షాంశం, రేఖాంశం కావాలి. ఎక్కడైనా దొరుకుతాయి.

బెంగళూరు: అక్షాంశం 13.20, రేఖాంశం 77.71.
హైదరాబాద్: అక్షాంశం 17.24, రేఖాంశం 78.43.

అక్షాంశాల తేడా 4.04 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశమంటే భూమ్మీద సుమారు 111.2 కి.మీ. కాబట్టి ఉత్తర దిక్కుగా 449 కి.మీ. వచ్చింది.

రేఖాంశాల తేడా 0.72 డిగ్రీలు. దీన్ని నేరుగా 111.2తో గుణించకూడదు. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి, ధ్రువాలకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందుకని రెండు ఊళ్ల మధ్యనున్న అక్షాంశానికి, ఇక్కడ 15.2 డిగ్రీలకు, కొసైన్ విలువ 0.965 తీసుకుని దాంతోనూ గుణించాలి. తూర్పు దిక్కుగా 77 కి.మీ. వస్తుంది.

ఇక పైథాగరస్. 449 వర్గం, 77 వర్గం కూడి వర్గమూలం తీస్తే 456. సైట్ చెప్పిందీ అదే. పిల్లలున్న ఇంట్లో ఇది ఒకసారి చేయించి చూడండి. స్కూల్లో చదివిన అక్షాంశాలు, కొసైన్లు ఎందుకో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఇదే పద్ధతిలో విజయవాడ 498, వైజాగ్ 776, చెన్నై 268, తిరుపతి 204 కి.మీ. వస్తాయి.

లండన్‌కు కూడా ఇలాగే చేయొచ్చా?

వద్దు. పై లెక్కలో భూమిని చదునుగా అనుకున్నాం. దగ్గరి ఊళ్లకు ఫరవాలేదు. లండన్‌కు అదే వాడితే 8,490 కి.మీ. దాకా వస్తుంది, అసలు దూరం 8,046. నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు తప్పు.

దూరప్రాంతాలకు హావర్‌సైన్ సూత్రం వాడతారు. అక్షాంశాల తేడాలో సగానికి సైన్ తీసి వర్గం చేయాలి. రేఖాంశాల తేడాలో సగానికీ సైన్ తీసి వర్గం చేసి, దాన్ని రెండు అక్షాంశాల కొసైన్లతో గుణించాలి. ఈ రెండూ కూడి, వర్గమూలం తీసి, దాని విలోమ సైన్‌ను రేడియన్లలో తీసుకుని, భూమి వ్యాసంతో గుణిస్తే దూరం. వ్యాసార్ధం సగటున 6,371 కి.మీ. కాబట్టి వ్యాసం 12,742. ఎక్సెల్‌లో ఒక్క వరుసలో పట్టేస్తుంది. కాకపోతే డిగ్రీలను ముందు రేడియన్లలోకి మార్చాలి. ఎక్సెల్‌లో తప్పులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

భూమి పూర్తి గుండ్రం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378, ధ్రువాల దగ్గర 6,357 కి.మీ. అందువల్ల హావర్‌సైన్ లెక్కలో అర శాతం దాకా తేడా రావచ్చు. రెండు సైట్లు లండన్‌కు పది ఇరవై కిలోమీటర్ల తేడా చూపిస్తే కారణం ఇదే. ప్రయాణికుడికి దానివల్ల వచ్చే నష్టం లేదు.

నాటికల్ మైలు, మామూలు మైలు, కిలోమీటరు ఎలా మార్చాలి?

నాటికల్ మైలు 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. సీటు ముందున్న తెరమీద, సైట్లలో ఏ మైలో రాయకుండా ఒట్టి మైళ్లు అని ఉంటే మామూలు మైలు అయ్యే అవకాశమే ఎక్కువ. పైలట్లు నాటికల్ మైళ్లలో, వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు.

విమానం 11 కి.మీ. ఎత్తున ఎగురుతుంది కదా, దూరం పెరగదా?

పెరుగుతుంది, లెక్కలోకి రానంత. వెయ్యి కిలోమీటర్లకు రెండు కిలోమీటర్లు కూడా కాదు.

అమెరికా విమానం మ్యాప్‌లో ఉత్తర ధ్రువం వైపు వంగి వెళ్తుందేం? తిన్నగా పోతే దగ్గర కదా?

అదే తిన్నని దారి. వంకర మ్యాప్‌ది. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిస్తే పైనున్న దేశాలు సాగిపోతాయి. ఇంట్లో గ్లోబు ఉంటే బెంగళూరు మీద దారం ఒక కొస పెట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో మీద రెండో కొస పెట్టి బిగించి చూడండి. దారం తనంతట తానే ధ్రువం పక్కకు జరుగుతుంది.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు మొదటిసారి నాన్‌స్టాప్ విమానం నడిపింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ బృందంలో మన తెలుగమ్మాయి కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. బోయింగ్ 777తో ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, 17 గంటల పైన ఎగిరి దేవనహళ్లిలో దిగారు. ఈ రెండు ఊళ్ల మధ్య గాలిదారి దాదాపు 14,000 కి.మీ. భూమి చుట్టుకొలత 40,000 అని గుర్తు చేసుకుంటే ఆ ప్రయాణం ఎంతటిదో తెలుస్తుంది. ఆ వార్త చదివిన రోజు కలిగిన గర్వం నాకిప్పటికీ తగ్గలేదు.

దూరం తెలిసింది. సమయం ఎలా లెక్కవేయాలి?

దూరాన్ని వేగంతో భాగించేస్తే సరిపోదు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి జెట్‌లు పైకి చేరాక గంటకు 830 కి.మీ. వరకు పోతాయి. కానీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ వేగం ఉండదు. పదివేల అడుగుల కింద 250 నాట్లకు, అంటే 463 కి.మీ.కు మించకూడదన్న నిబంధన ఉంది. పైగా రన్‌వే ఎటు ఉంటే అటు లేచి, తర్వాత తమ దారికి తిరగాలి. దేవనహళ్లి రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. హైదరాబాద్ ఉత్తరాన ఉంది. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి విమానం గాలికి ఎదురుగా పడమరకు లేచి, తర్వాత ఉత్తరానికి మళ్లుతుంది. దిగేచోట మళ్లీ ఇదే తంతు.

దేశీయ జెట్‌కు ఈ లెక్క బాగా పనిచేస్తుంది: కిలోమీటర్లను 800తో భాగించండి, వచ్చిన గంటలకు అరగంట కలపండి. హైదరాబాద్‌కు 34 నిమిషాలు, ప్లస్ 30, మొత్తం గంటా ఐదు నిమిషాలు. వైజాగ్‌కు గంటన్నరకు రెండు నిమిషాలు తక్కువ. ఢిల్లీ 1,709 కి.మీ., అంటే రెండు గంటల నలభై నిమిషాలకు దగ్గర. టికెట్ మీద సమయం దీనికి ఇంకో పది పదిహేను నిమిషాలు ఎక్కువే ఉంటుంది.

దూరం తక్కువయ్యేకొద్దీ ఆ అరగంటే పెద్ద వాటా అవుతుంది. హైదరాబాద్ కంటే ఢిల్లీ దాదాపు నాలుగు రెట్లు దూరం, సమయం మాత్రం రెండున్నర రెట్లే.

టికెట్ మీద గంటా ఇరవై నిమిషాలు, కెప్టెన్ మాత్రం యాభై నిమిషాలే అన్నారు. మిగతా అరగంట ఎక్కడ పోయింది?

నేల మీద. టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్. విమానం నిలిపినచోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల నిలిచి చక్రాలకు అడ్డు పెట్టే దాకా. కెప్టెన్ చెప్పేది గాల్లో ఉండే సమయం. మధ్యలో వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, దిగాక మళ్లీ గేటు దాకా పాకడం. దేవనహళ్లిలో 2019 చివర్లో రెండో రన్‌వే వచ్చినా, ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య క్యూ తప్పదు.

సంస్థలు బ్లాక్ టైమ్‌లో కొన్ని నిమిషాలు కావాలనే ఎక్కువ వేసుకుంటాయి. చెప్పిన వేళకు 15 నిమిషాల లోపు వస్తే సమయానికి వచ్చినట్టే లెక్క. ఇది మోసమని కొందరు కోప్పడతారు. నాకలా అనిపించదు. ఆ కాస్త వెసులుబాటు లేకపోతే పొద్దున ఒక విమానం ఇరవై నిమిషాలు ఆలస్యమైతే అదే విమానం సాయంత్రం దాకా తిరిగే ఊళ్లన్నింటికీ ఆలస్యం పాకుతుంది.

కర్నూలు దగ్గరే కదా, దానికీ గంట ఎందుకు?

ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి 2021 మార్చిలో బెంగళూరు, చెన్నై, వైజాగ్‌లకు విమానాలు మొదలయ్యాయి. ఇలాంటి చిన్న ఊళ్లకు ఎక్కువగా ఏటీఆర్ నడుస్తుంది. రెక్కల మీద పంకాలు తిరిగే ఆ విమానం వేగం గంటకు 500 కి.మీ. దరిదాపు. బెంగళూరు నుంచి ఓర్వకల్లు 284 కి.మీ. ఏటీఆర్ అయితే 500తో భాగించి పాతిక నిమిషాలు కలపండి. గంట వస్తుంది. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు టికెట్‌లో ఏ విమానమో చూసుకోవాలి.

వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ సమయం ఎందుకు పడుతుంది?

గాలి వల్ల. శీతాకాలంలో ఉత్తర భారతం మీద, అరేబియా వైపు పైన పడమటి గాలి బలంగా వీస్తుంది. దుబాయ్‌కు వెళ్లే విమానానికి అది ఎదురు, తిరిగొచ్చే విమానానికి తోడు. 2,700 కి.మీ. దారిలో పావుగంట, అరగంట తేడా పడేది దానివల్లే. హైదరాబాద్, ఢిల్లీ దారులు దక్షిణోత్తరాలు కనుక గాలి పక్కనుంచి తగులుతుంది, తేడా స్వల్పం.

వానాకాలంలో కథ మారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణాది మీద చాలా ఎత్తున తూర్పు గాలి ప్రవాహం నడుస్తుంది. దాన్ని గుర్తించి లోకానికి వివరించినవారిలో ముఖ్యుడు మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. 1958లో వచ్చిన ఆయన పరిశోధనా పత్రాన్ని ఈ విషయం చదివేవాళ్లు ఇప్పటికీ ప్రస్తావిస్తారు. ఆ ప్రవాహపు నడిమి భాగం విమానాలు ఎగిరే ఎత్తుకు పైనే ఉన్నా, దాని ప్రభావం కిందికీ ఉంటుంది.

భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, పడమరకు పోయే విమానం త్వరగా చేరాలి కదా?

చేరదు. భూమితోపాటు గాలీ తిరుగుతోంది, ఆ గాల్లోనే విమానం ఉంది.

దుబాయ్ విమానం పదింటికి బయల్దేరి పన్నెండున్నరకు దిగుతుందట. రెండున్నర గంటలేనా?

కాదు, నాలుగు గంటలు. టికెట్ మీద బయల్దేరే వేళ బెంగళూరుది, దిగే వేళ దుబాయ్‌ది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. తిరుగు ప్రయాణంలో రెండింటికి బయల్దేరి ఏడుంబావుకు దిగితే ఐదుంబావు గంటలనుకుంటాం, అసలు పట్టింది మూడుముప్పావు.

పొరపాటు లేకుండా చేయాలంటే రెండు వేళలనూ ముందు మన టైమ్‌లోకి మార్చి, ఆపైన తీసివేయండి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. కాలిఫోర్నియా చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక, వేసవిలో పన్నెండున్నర. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. మధ్యాహ్నం రెండింటికి ఇక్కడ ఎక్కి పదిహేడు గంటలు ఎగిరినా, జనవరిలో అయితే అదే రోజు సాయంత్రం ఐదున్నరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారు. అత్తగారినో, అమ్మనో పంపుతున్నప్పుడు కాగితం మీద ఈ రెండు వేళలు రాసివ్వండి: అక్కడి గడియారంలో ఎప్పుడు దిగుతారు, మన గడియారంలో అప్పుడెంత. మందులు వేసుకునేవాళ్లకు రెండోదే కావాలి.

సైట్లో పది గంటలు చూపించిన దారికి టికెట్‌లో ఇంకా ఎక్కువ ఉంది. ఎందుకు?

సైట్ గీసేది అతి దగ్గరి గీత. విమానం వెళ్లేది అనుమతి ఉన్న దారిలో. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమాన సంస్థలకు మూసేసింది. అంతకుముందు 2019లోనూ కొన్ని నెలలు మూసింది. 2022 నుంచి రష్యా మీదుగా అమెరికా సంస్థలు, చాలా యూరప్ సంస్థలు ఎగరడం లేదు. అందువల్ల ఒకే ఊరికి రెండు సంస్థల సమయాలు వేరుగా ఉండొచ్చు.

బెంగళూరుకు మరో ప్రత్యేకత ఉంది. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో యెలహంక వైమానిక స్థావరంలో ఏరో ఇండియా ప్రదర్శన జరుగుతుంది. ఆ రోజుల్లో విన్యాసాల వేళకు దేవనహళ్లి విమానాలను ఆపుతారు, వేళలు మారుస్తారు. పెళ్లి ప్రయాణాలేమైనా ఉంటే ఆ వారం తేదీలు ముందే చూసుకోండి.

మొత్తానికి ఇంటినుంచి ఇంటికి ఎంతసేపు? విమానమే మేలా?

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కూకట్‌పల్లికి లెక్కేద్దాం. ఇంటినుంచి సిల్క్‌బోర్డ్, హెబ్బాళ మీదుగా విమానాశ్రయానికి వాయు వజ్ర బస్సయినా, క్యాబయినా రెండు గంటలు పెట్టుకోవాలి. చాలా సంస్థలు బయల్దేరడానికి గంట ముందే చెకిన్ కౌంటర్ మూసేస్తాయి కనుక లోపల గంటన్నర. విమానంలో గంటంబావు. దిగి సామాను తీసుకునేసరికి అరగంట. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి గంటంబావు. మొత్తం ఆరున్నర గంటలు, అందులో గాల్లో ఉన్నది గంట లోపే.

యశ్వంతపూర్ నుంచి కాచిగూడకు 2023 సెప్టెంబరులో మొదలైన వందే భారత్‌కు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ రైలే సుఖం అంటాను. వరుసలు, తనిఖీలు, టెర్మినల్‌లో నడక ఏవీ ఉండవు. వైజాగ్‌కు మాత్రం విమానమే, రైల్లో రాత్రంతా పోతుంది. తిరుపతికి విమానం కోసం చూడొద్దు. గాలిదారి 204 కి.మీ. అయినా, కోలారు, చిత్తూరు మీదుగా కారులో ఐదు గంటల్లో చేరిపోతారు. విమానాశ్రయానికి పోయి ఎక్కి దిగేసరికి అంతే సమయం అవుతుంది.

ఆలస్యమైతే ప్రయాణ సమయానికీ మన హక్కులకూ సంబంధం ఉందా?

ఉంది. మన దేశంలో పౌర విమానాలను నియంత్రించే డీజీసీఏ నిబంధనలు బ్లాక్ టైమ్‌ను బట్టే నడుస్తాయి. వేళకు చెకిన్ చేసినవాళ్లకు, రెండున్నర గంటల లోపు విమానమైతే రెండు గంటలకు మించి ఆలస్యమవుతుందని తెలిసినప్పుడు తినడానికి, తాగడానికి ఇవ్వాలి. రెండున్నర నుంచి ఐదు గంటల విమానాలకు మూడు గంటలు, అంతకుమించిన వాటికి నాలుగు గంటలు. హైదరాబాద్, వైజాగ్ విమానాలు మొదటి వరుసలోకే వస్తాయి. కౌంటర్ దగ్గర మర్యాదగా అడగండి, అది మీకు రావలసిందే.

అమ్మ వైజాగ్‌లో ఎక్కింది. నేను మారతహళ్లి నుంచి ఎప్పుడు బయల్దేరాలి?

టికెట్ మీది వేళను నమ్ముకోకండి. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో ఫ్లైట్ నంబర్ కొట్టి, విమానం నిజంగా నేల వదిలిందో లేదో చూడండి. వదిలాక సుమారు గంటా ఇరవై నిమిషాల్లో దేవనహళ్లిలో దిగుతుంది. గేటు దాకా రావడానికి, పెట్టె తీసుకోవడానికి ఇంకో అరగంట. వీల్‌చెయిర్ అడిగి ఉంటే అందరూ దిగాకే దించుతారు కాబట్టి మరో పావుగంట కలపండి. అంటే విమానం లేచినప్పటి నుంచి మీ చేతిలో రెండు గంటలున్నాయి. మారతహళ్లి నుంచి సాయంత్రం వేళ గంటన్నర పడుతుంది కాబట్టి, విమానం లేచిందని చూసుకుని అరగంటలో కదిలితే సరిపోతుంది. ఏ టెర్మినలో మాత్రం బయల్దేరే ముందే ఖాయం చేసుకోండి. ఒకటో టెర్మినల్ బయట మీరు, రెండో టెర్మినల్ బయట అమ్మ నిలబడితే లెక్కంతా వృథా అవుతుంది.